థాంక్యూ లేని గేటు

పొద్దున్నే టీ తాగి, మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు తొడుక్కుని, అల్లిక బుట్ట చంకన పెట్టుకుని ఆడ్రీ స్టిక్‌లాండ్ వాగుకు బయల్దేరుతుంది. చర్చి పక్కనుంచి బందెలదొడ్డి దాటితే ఒక చెక్క గేటు. దాని దగ్గర ఆగి, అవతల మనిషి ఉన్నా లేకపోయినా, "వెళ్తున్నానండీ, ఏమనుకోకండి" అంటుంది. అది వాళ్ళమ్మ నేర్పిన మర్యాద. తర్వాత గేటు తీసి, మళ్ళీ వేసి, పెద్ద బంగళావారి పచ్చికబీడు దాటి తన క్రెస్ మడుల్లోకి దిగుతుంది. క్రెస్ అనేది సుద్ద కొండల అడుగునుంచి ఊరే చల్లటి నీళ్ళలో పెరిగే ఆకుకూర. నాలుగాకులు నమిలితే ఘాటు ముక్కుకెక్కి కళ్ళు తెరుచుకుంటాయి. ఆ మడులు ఆడ్రీ అమ్మవి, అంతకుముందు అమ్మమ్మవి. వాటి గట్ల మీదే ఆడ్రీ నడక నేర్చింది.

చర్చి గడియారం మధ్యాహ్నం పన్నెండు కొట్టేసరికి ఆమె బుట్ట నిండుతుంది. కట్టలు కట్టిన కూరతో తిరిగొస్తుంటే దారి మధ్యలో ముసలి హాబ్ ఎదురుపడతాడు. దారి సన్నం, హాబ్ లావు. అందుకని రోజూ ఆడ్రీయే గట్టు మీదికి తప్పుకుంటుంది. హాబ్ ఆమె వంక చూడనైనా చూడడు. మర్యాద తెలియని మనిషని మా ఊరు లిడ్‌కూంబ్‌లో అతనికి పేరు.

మనిషంటే అలవాటుకొద్దీ అన్నాను. హాబ్ రాయి. చర్చి ముందు, వెనకటికి దొంగల కాళ్ళు బిగించిన బొండకొయ్య పక్కన నిలబడి ఉండే నిలువెత్తు రాయి. నడినెత్తిన నాచు, నడుం దగ్గర ఒక నొక్కు. పన్నెండో గంట చెవిన పడగానే కదిలి, వాగుకెళ్ళి నీళ్ళు తాగి, మళ్ళీ వచ్చి తన గుంటలో నిలబడతాడు. వెనకటికి మఠం సన్యాసులు, రాయి నడవడం దైవద్రోహమని ఇనప గొలుసుతో కట్టేశారట. గొలుసుతో సహా వెళ్ళి నీళ్ళు తాగొచ్చాడు. ఆ గొలుసు ఇప్పటికీ చర్చిలో వేలాడుతోంది. రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం జరిగిన రోజుల్లో ఒక సిపాయి తన గుర్రాన్ని హాబ్‌కి కట్టి సారాకొట్టుకి వెళ్ళాడు. తిరిగొచ్చి చూస్తే హాబ్ లేడు, గుర్రమూ లేదు. రెండూ వాగు దగ్గర పక్కపక్కన నీళ్ళు తాగుతున్నాయి. ఆ సిపాయి మళ్ళీ యుద్ధానికి పోలేదు. మా ఊరి పిల్లనే చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. ఈ ఊళ్ళో స్క్విబ్ ఇంటిపేరున్న వాళ్ళంతా వాడి సంతానమే.

గడియారం సంగతి కూడా చెప్పాలి. దానికి ఒకటే ముల్లు. అది లండన్ కంటే పది నిమిషాలు వెనక నడుస్తుంది. రైళ్ళొచ్చిన కొత్తలో దేశంలోని గడియారాలన్నీ లండన్‌తో కలపమన్నారు. మావాళ్ళు చాలా మర్యాదగా "తప్పకుండా ఆలోచిస్తాం" అన్నారు. ఆ ఆలోచన ఇంకా తెగలేదు.

పెద్ద బంగళాని లండన్ నుంచి వచ్చిన క్రేల్ గారు కొనేనాటికి ఊళ్ళో పరిస్థితి ఇది. క్రేల్ గారు నవ్వుముఖం మనిషి. అసలు గొడవంతా ఆ నవ్వుతోనే వచ్చింది. శనాదివారాలు మాత్రమే ఊళ్ళో ఉండేవాడు. ఆ రెండు రోజులూ మధ్యాహ్నం దాకా నిద్ర లేచేవాడు కాదు. వచ్చిన నెలలోనే గేటు పక్కన అందమైన బోర్డు పెట్టించాడు. "ఈ దారిన వెళ్ళేవారికి యజమాని సంతోషంగా అనుమతి ఇస్తున్నారు" అని దాని మీద రాయించాడు. ఊరు మురిసిపోయింది. పాదిరిగారి భార్య ఆయనకి ప్లమ్ పండ్ల జామ్ పంపింది. చర్చి గడియారం తన ఖర్చుతో బాగుచేయించి లండన్ టైముకి కలిపిస్తానని ఆయన అన్నప్పుడు "ఎంత మంచివారండీ, తప్పకుండా ఆలోచిస్తాం" అన్నారు. అది సరేననడమే అనుకున్నాడాయన, పాపం.

ఎండాకాలం చివర ఒక ఆదివారం సాయంత్రం లెన్ స్క్విబ్ పబ్బుకి వచ్చాడు. లెన్ అంటే ఆ సిపాయి వారసుడే. కోరమీసాలు, పెద్ద గొంతు. అప్పటికే అక్కడున్న క్రేల్ గారు అందరికీ బీరు పోయించి చల్లగా చెప్పాడు. పచ్చికబీడులో చేపల చెరువు తవ్విస్తాడట. లండన్ నుంచి అతిథులొచ్చి గాలాలు వేసుకుంటారట. అందుకని వచ్చే వసంతం నుంచి దారి ఉండదట.

"దారి ఉండకపోవడమేమిటండీ?" అన్నాడు లెన్. "అది ఊరిది కదా."

"ఊరిది అయితే నా అనుమతితో ఎందుకు నడుస్తున్నారు?" క్రేల్ గారు నవ్వాడు. "నేనిచ్చాను, మీరు తీసుకున్నారు. జామ్ కూడా పంపారు. ఇచ్చినవాడికి వెనక్కి తీసుకునే హక్కు ఉంటుంది కదా."

ఆడ్రీ మూల బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఆమె మడులకి ఒక పక్క వాగు, ఇంకో పక్క అడుగు పెడితే నడుందాకా దిగబడే చిత్తడి, మిగతా రెండు వైపులా క్రేల్ గారి భూమి. దారి మూస్తే మడులు పేరుకి ఆమెవే, చేరుకోవడానికి మాత్రం రెక్కలు కావాలి. క్రేల్ గారు ఆమె వైపు తిరిగి, "మీ మడులు మంచి ధరకే కొంటాను, మీరేం దిగులు పడకండి" అన్నాడు.

"మీ దయండీ" అంది ఆడ్రీ. అలవాటు మరి. ఇంటికెళ్ళాక ఆ మాటన్నందుకు తనని తాను తిట్టుకుంటూ ఏడ్చింది.

ఊరు ఊరుకోలేదు. లెన్ బస్తీకెళ్ళి అర్జీ పెట్టాడు. ఆకులు రాలే కాలంలో ప్రోబర్ట్ అనే విచారణాధికారి వచ్చాడు. సన్నటి మనిషి, గొంతు నెమ్మది, తలమీద ముదురు గోధుమరంగు టోపీ. ఊరి హాల్లో టోపీ తీసి, బల్ల వెనక కూర్చుని మొదట్లోనే విషయం విడమరిచి చెప్పాడు.

"ఈ దారి ఊరిదని నేను తేల్చాలంటే, జనం ఏళ్ళ తరబడి బాహాటంగా, ఏ దౌర్జన్యం లేకుండా, ఎవరి అనుమతీ అడక్కుండా నడిచి ఉండాలి. అడిగి నడిచారో, అది యజమాని దయ అవుతుంది గానీ మీ హక్కు కాదు. విచారణ మధ్యాహ్నం పన్నెండుకి ముగిస్తాను."

మొదట పాదిరిగారు లేచారు. చిన్నప్పటినుంచీ ఆ దారినే నడుస్తున్నానని చెప్పారు. హాలంతా తలలూపింది. క్రేల్ గారి లాయరు, నీలం కోటు వేసుకున్న చురుకైన అమ్మాయి, లేచి మెత్తగా అడిగింది.

"దారిలో పాత యజమాని కనిపిస్తే ఏమనేవారండీ?"

"ఏమంటాను తల్లీ, టోపీ ఎత్తి 'మీకేం అభ్యంతరం లేదు కదా' అనేవాణ్ణి."

"ఆయన?"

"'అయ్యో, భలేవారే, వెళ్ళండి' అనేవాడు."

"అంటే మీరడిగారు, ఆయన ఇచ్చారు" అని లాయరు కూర్చుంది. పాదిరిగారికి తనేం చేశారో అర్థమై ముఖం ఎర్రబడింది.

తర్వాత లెన్. ఎప్పుడూ ఎవరినీ దేనికీ అడగలేదని బల్ల గుద్ది చెప్పాడు. మరి క్రిస్మస్‌కి పెద్ద బంగళాకి ఏమైనా పంపేవారా అని అడిగింది లాయరు. ఏటా ఒక విస్కీ సీసా పంపేవాడు. ఎందుకు? దారి వాడుకుంటున్నాం కదా, బావుండదని. హాల్లో ఎవరో మూలిగారు. ఆ తర్వాత లేచినవాళ్ళంతా అదే వరస. ఒకామె గేటు తీసిన ప్రతిసారీ సారీ చెప్పేదట. ఇంకొకాయన, పొలంలో ఎవరూ లేకపోయినా బంగళా కిటికీల వైపు చెయ్యూపి థాంక్యూ అనేవాడట. ఊరంతా కలిసి తరతరాలుగా పోగేసుకున్న మర్యాద ఒక్క పొద్దుటిపూటలో ఊరి మెడకే చుట్టుకుంది. క్రేల్ గారు కాలు మీద కాలేసుకుని అందరి వంకా ప్రేమగా చూస్తున్నాడు.

చివరికి ఆడ్రీ లేచింది, చంకన బుట్టతోనే.

"రోజూ వెళ్తానండీ. మా అమ్మా వెళ్ళేది."

"గేటు దగ్గర ఏమైనా అంటారా?" అంది లాయరు.

ఆడ్రీకి అబద్ధం చెప్పడం చేతకాదు. "'వెళ్తున్నానండీ, ఏమనుకోకండి' అంటాను."

"ఏమనుకోకండి అనేది ఎవర్ని? యజమానినేగా?"

"ఎవర్నీ కాదండీ. ఊరికే అంటాను. మా అమ్మ అనమంది."

"అంటే మీ అమ్మగారు కూడా అనుమతి అడిగేవారన్నమాట. థాంక్యూ, స్టిక్‌లాండ్ గారూ."

ఆడ్రీ కూర్చుంది. వాళ్ళమ్మకి ఆస్తంటూ ఉన్నది ఆ మడులూ ఈ మర్యాదా. ఆ మర్యాదతో మడుల్ని తానే పోగొట్టానని ఆమెకి గుండె మండిపోయింది.

ప్రోబర్ట్ తన చేతి గడియారం చూసుకున్నాడు. ఆయన గొంతులో కాస్త బాధ వినిపించింది. "ఈ ఊళ్ళో ఎవరినీ అడక్కుండా, ఎవరికీ థాంక్యూ చెప్పకుండా ఆ దారిన నడిచినవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా?"

అందరూ తలలు వంచుకున్నారు. మర్యాద లేనివాడు తమ ఊళ్ళో ఒక్కడైనా పుట్టనందుకు సిగ్గుపడాల్సి రావడం వాళ్ళకి అదే మొదటిసారి.

"అయితే పన్నెండయింది కాబట్టి…"

"ఇంకా కాలేదండీ" అన్నాడు లెన్. వాదించి కాదు, రైలు టైము చెప్పినట్టు అన్నాడు. "మీ పన్నెండయింది. మా పన్నెండుకి ఇంకా టైముంది."

లాయరు అభ్యంతరం చెప్పింది. ప్రోబర్ట్ కిటికీలోంచి చర్చి గోపురం మీది ఒంటి ముల్లుని కాసేపు చూశాడు. "విచారణ లిడ్‌కూంబ్‌లో కదా జరుగుతున్నది" అని కలం మూత తీసి పక్కన పెట్టుకున్నాడు. కొత్త సాక్షి ఎవరూ లేవలేదు. హాల్లో టీ కెటిల్ కూత పెట్టి ఆగింది. అంతలో గడియారం కొట్టడం మొదలైంది. పన్నెండో గంట మోగి ఊరుకున్నాక బయట ఏదో బరువైనది రోడ్డు మీద ఈడ్చుకుంటూ పోతున్న చప్పుడయింది. కిటికీ అద్దాలు సన్నగా వణికాయి.

"ఎవరది?" అన్నాడు ప్రోబర్ట్.

"హాబ్ అండీ" అన్నారు పాదిరిగారు పరధ్యానంగా. "వాగుకి, నీళ్ళకి."

"ఏ దారిన?"

"ఈ దారినే. ఇంకో దారేది?"

"రోజూ వెళ్తాడా?"

"మా ఊరు లేనప్పటినుంచీ."

ప్రోబర్ట్ కలం చేతికి తీసుకున్నాడు. "ఎవరినైనా అడుగుతాడా?"

హాలంతా ఒక్కసారి తల ఎత్తింది.

"హాబా?" లెన్ గొంతు పెద్దదయింది. "వాడు బిషప్పుకే దారివ్వలేదండీ. ఇన్నేళ్ళుగా ఈ ఆడ్రీ గట్టెక్కి తప్పుకుంటోంది, పలకరింపుగా ఒక్కసారి ఆగిన పాపాన పోలేదు. ప్లీజూ లేదు, సారీ లేదు, థాంక్యూ లేదు. అంత మొరటు వెధవ ఈ చుట్టుపక్కల ఏడూళ్ళలో దొరకడు." చెప్తూ చెప్తూ లెన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరి గురించీ అతనింత గర్వంగా మాట్లాడటం ఎవరూ వినలేదు.

"గేటు విరగ్గొడతాడా?"

"లేదండీ. నెడితే తెరుచుకుంటుంది, మనకి తెరుచుకున్నట్టే."

"చూద్దాం పదండి" అని ప్రోబర్ట్ టోపీ పెట్టుకున్నాడు.

లాయరు వంగి క్రేల్ గారి చెవిలో ఏదో చెప్పింది. క్రేల్ గారు చటుక్కున లేచి, మెరిసే బూట్లతోనే బురదలో పడి పరుగెత్తాడు. హాబ్ నడక నిదానం. అతను బందెలదొడ్డి దాటేలోపే క్రేల్ గారు గేటు చేరి, దాన్ని బార్లా తెరిచి, ఒక చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఊరంతా వెనకే వచ్చింది.

"రండి, రండి" అన్నాడు హాబ్‌తో, రొప్పుతూ, నవ్వుతూ. "నా అనుమతి ఉంది. సంతోషంగా వెళ్ళండి."

హాబ్ ఆగిపోయాడు.

గేటుకి రెండడుగుల ఇవతల, దారి మధ్యలో, ఎప్పటినుంచో అక్కడే పాతుకున్నట్టు నిలబడిపోయాడు. సన్యాసుల గొలుసుకి ఆగనివాడు ఆగాడు. పాదిరిగారు శిలువ గుర్తు వేసుకోబోయి మానుకున్నారు.

"గమనించండి సార్" అంది లాయరు ప్రోబర్ట్‌తో. "ఇప్పుడు వెళ్తే అనుమతితో వెళ్ళినట్టు. వెళ్ళకపోతే ఈ దారి తనది కాదని ఒప్పుకున్నట్టు."

ఎండ హాబ్ నెత్తిమీది నాచుని ఆరబెడుతోంది. పచ్చటిది కాస్తా అంచుల్లో బూడిదరంగుకి తిరుగుతోంది. దాహంతో ఉన్నవాడిని అలా చూడటం ఆడ్రీ వల్ల కాలేదు. ఇన్నేళ్ళూ ఎదురుపడినా అతని వీపుని ఆమె ఎప్పుడూ ఇంతసేపు చూడలేదు. హాబ్ నిటారుగా లేడు. ఒక పక్కకి ఒరిగి ఉన్నాడు. దారికి ఎడమవైపు, సరిగ్గా ఒక మనిషి పట్టేంత జాగా వదిలి ఉన్నాడు.

ఆడ్రీ ఆ జాగాలోకి అడుగు పెట్టింది. హాబ్ పక్కనుంచి దాటి గేటు ముందుకొచ్చింది. క్రేల్ గారు గేటు ఇంకాస్త వెనక్కి లాగి, తల వంచి, "దయచేయండి స్టిక్‌లాండ్ గారూ, నా అనుమతితో" అన్నాడు.

తెరిచిన గేటు పట్టుకుని ఒక మనిషి నిలబడి ఉంటే నోరు మూసుకుని దాటి వెళ్ళడం ఎంత కష్టమో మా ఊరివాళ్ళని అడగాలి. థాంక్యూ ఆమె గొంతులోకి వచ్చేసింది, నాలుక చివరి దాకా వచ్చింది. వెనక ఊరంతా ఊపిరి బిగబట్టింది. ఆమె చెవులు ఎర్రగా కందిపోయాయి. పళ్ళు బిగించింది. క్రేల్ గారి ముఖంలోకి సూటిగా చూసింది. ఒక్క మాటైనా మాట్లాడకుండా గేటు దాటింది.

ఆమె బూట్ల కింద నేల అదిరింది. వెనక్కి తిరగక్కర్లేకుండానే తెలిసింది, హాబ్ కదిలాడు.

తర్వాత లెన్ వెళ్ళాడు, మీసం దువ్వుకుంటూ. గేటు తీసినప్పుడల్లా సారీ చెప్పే ఆమె రెండు చేతులతో నోరు మూసుకుని వెళ్ళింది. పాదిరిగారు రుమాలు పళ్ళ మధ్య పెట్టుకున్నారు. ఆయన భార్య మాత్రం గేటు దగ్గర ఒక్క క్షణం ఆగి, జామ్ సీసా తిరిగివ్వమని అడుగుదామనుకుని, అది కూడా మాటే అవుతుందని ముందుకు నడిచింది. క్రేల్ గారు మొదట్లో ప్రతివారికీ "దయచేయండి, నా అనుమతితో" అంటూ వచ్చాడు. పదిమంది దాటాక "దయచేయండి" మిగిలింది. తర్వాత అదీ పోయింది. గేటు వదిలేస్తే వెనకవాళ్ళకి తగులుతుంది, అది బావుండదు. అందుకని పట్టుకునే నిలబడ్డాడు. ఊరు ఊరంతా ఆయన ముందునుంచి తలెత్తుకుని పోయింది.

ఆఖరున ప్రోబర్ట్ మిగిలాడు. ఆయనా ఎక్కడో ఒక పల్లెటూళ్ళో పుట్టినవాడే. గేటు దగ్గరికి రాగానే చెయ్యి దానంతటదే టోపీ అంచు దాకా పోయింది. నోరు తెరుచుకుంది.

వాగు ఒడ్డునుంచి ఊరంతా చూస్తోంది. ఆడ్రీ బుట్ట పిడిని గట్టిగా పట్టుకుంది.

ప్రోబర్ట్ నోరు మూశాడు. చెయ్యి దించాడు. క్రేల్ గారికేసి చూడకుండా, తన వీధిలో తాను నడుస్తున్నట్టు గేటు దాటి వచ్చేశాడు.

అక్కడ పడిన కేక కొండ అవతలి ఊరికి వినిపించిందంటారు. లెన్ టోపీ గాల్లోకి విసిరితే వాగులో పడింది. పాదిరిగారు రుమాలు ఉమ్మేసి గట్టిగా నవ్వారు. ఎవరో చర్చికి పరుగెత్తి గంటలన్నీ ఒక్కసారి మోగించారు. హాబ్ మాత్రం ఎవరినీ పట్టించుకోకుండా వాగులో నడుం నొక్కు దాకా దిగి తాగుతూనే ఉన్నాడు. ఆ రోజు మామూలు కంటే ఎక్కువసేపు తాగాడు. ఆడ్రీ మడిలోకి దిగి ఒక గుప్పెడు క్రెస్ తెంపి ప్రోబర్ట్ చేతిలో పెట్టింది. ఆయన నమిలాడు. ముక్కుకెక్కిన ఘాటుకో, మరెందుకో, కళ్ళు తుడుచుకున్నాడు.

"దీనికి థాంక్యూ చెప్పొచ్చా?" అన్నాడు.

"గేటు దాటాం కదండీ, ఇప్పుడు చెప్పొచ్చు" అంది ఆడ్రీ.

తీర్పు ఊరికి అనుకూలంగానే వచ్చింది. బోర్డు తీసేశారు. చేపల చెరువు బంగళాకి అవతలి వైపు తవ్వుకున్నారు. హాబ్ ఆ రోజు గేటు దగ్గర ఎందుకు ఆగాడన్నది మాత్రం పబ్బులో ఇంకా తేలలేదు. ఒకడి అనుమతితో నడవడం తనకి నామోషీ గనక ఆగాడంటారు పాదిరిగారు. లెన్ ఒప్పుకోడు. ఇన్నేళ్ళు తనకోసం పక్కకి తప్పుకున్న మనిషికి ఒక్కసారైనా ముందు దారివ్వాలని అనుకున్నాడు, అంతేనంటాడు. ఇద్దరూ ఆడ్రీని అడిగితే నవ్వి ఊరుకుంటుంది.

ఇప్పుడు లిడ్‌కూంబ్‌లో అందరూ అన్నిచోట్లా సారీలు, థాంక్యూలు పంచుకుంటూనే ఉంటారు, ఆ ఒక్క గేటు దగ్గర తప్ప. అక్కడ ఎవరు ఎవరికి గేటు పట్టుకున్నా గడ్డం పైకెత్తి మౌనంగా దాటిపోవడం ఆచారం. కిందటి వేసవిలో ఆడ్రీ గేటు పట్టుకుంటే క్రేల్ గారే అవతలినుంచి వచ్చి, ఒక్క మాట లేకుండా, గడ్డం పైకెత్తి దాటి వెళ్ళాడు. ఇక ఈయన మన ఊరివాడైపోయాడని ఆ సాయంత్రం లెన్ ఆయనకి బీరు పోశాడు.

ఆడ్రీ రోజూ పొద్దున్నే బుట్టతో బయల్దేరుతుంది. గేటు దగ్గర ఇంకా అమ్మ నేర్పిన మాట అంటుంది, సగమే.

"వెళ్తున్నానమ్మా" అంటుంది.